తాళం చేసినోడు చేతులెత్తేస్తే దోపిడీ ఎవరింట్లో?



2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. 'అది పట్నమోళ్ల గొడవ, మనకెందుకబ్బా' అనుకునేరు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో మనం అడంగలు తీసుకునే నెట్ సెంటరులో, కులం సర్టిఫికెట్టుకు అర్జీ పెట్టే చోట, బిడ్డల స్కాలర్‌షిప్పుకు కాగితాలు స్కాన్ చేయించే చోట ఎక్కువగా నడిచేది ఇట్లాంటి విండోసే. మన భూమి, మన కులం, మన కేసు ఇప్పుడు ఆ పెట్టెలోనే ఉండాయి. అందుకే ఈ పక్షం ఈ సంగతి రాస్తున్నాం.

కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చెయ్యదు. దాన్ని లేపి పని చేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. మనిషి రాసిన ప్రోగ్రాం కాబట్టి అందులో ఏదో ఒక మూల కన్నాలు ఉంటాయి. దొంగలు వాటి కోసం వెతుకుతా ఉంటారు. కన్నం బయటపడినప్పుడు దాన్ని పూడ్చే ప్యాచ్‌ను కంపెనీ నెలనెలా పంపిస్తుంది. మద్దతు ఆగిందంటే ఆ పూడ్చే పని ఆగిందని అర్థం. కంప్యూటరు మాత్రం ఆగదు. మరుసటి రోజూ మామూలుగానే వెలుగుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. గోడ నిలబడే ఉందని నిద్రపోతాం, వెనక కన్నం పడింది కనపడదు. పైగా కొత్త విండోస్‌కు కంపెనీ వేసే మాసిక చూసి, పాతదాంట్లో అదే చోట కన్నం ఉంటుందని దొంగ పసిగడతాడు. డబ్బు కట్టిన ఆఫీసులకు, పేరు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు కంపెనీ కొంత గడువిచ్చింది. ఇళ్ల కంప్యూటర్లకు ఆ గడువు 2026 అక్టోబరు 13. నమోదు కాని కంప్యూటరుకు ఆ దిక్కు కూడా లేదు.

ఇది ఉత్త భయం కాదు, మన జిల్లా చూసిందే. 2017 మే 12న 'వన్నాక్రై' అనే పురుగు లోకమంతా పాకింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అప్పటికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చిత్తూరు జిల్లాలోవే. విడిగా ఉన్న కొన్ని కంప్యూటర్లకే తగిలింది, కంగారు పడొద్దు అని అప్పటి డీజీపీ సాంబశివరావు చెప్పినారు.

ఆ కన్నం అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ముందే తెలుసు. అది తన పనికి దాచిపెట్టుకున్న ఆయుధం 2017 ఏప్రిల్‌లో బయటికి పొక్కింది. అంతకు ముందే, మార్చి 14న, మద్దతున్న విండోస్‌లకు మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. ఆ ప్యాచ్ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లే ఎక్కువగా మునిగినాయి. విండోస్ ఎక్స్‌పీ సంగతి వేరు. దానికి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ఆగిపోయింది. దాడి జరిగిన తర్వాత గానీ దానికి అందరికీ ప్యాచ్ ఇవ్వలేదు. అంటే, ఇచ్చిన మందు వేసుకోనోడు ఒకడు, వేసుకుందామన్నా మందు లేనోడు ఇంకొకడు. ఈరోజు పాత విండోస్ నడిపేవాళ్లంతా రెండో వరసలోకి పోతున్నారు.

ఇందులో దళితులకు ప్రత్యేకంగా ఏముంది అని అడిగేవాళ్లు ఉంటారు. ఉంది. ఆస్తిపరుడి కాగితం ఒకచోట పోతే, నకలు లాయరు దగ్గరుంటుంది, ఆడిటరు దగ్గరుంటుంది, బ్యాంకులో ఉంటుంది. మన డీకేటీ పట్టాకు, మన అట్రాసిటీ కేసుకు ఆఫీసులో ఉన్న ఒక్క రికార్డే దిక్కు. 'ఫైలు దొరకలేదు' అన్న మాటతో ఎన్ని తరాలు మనల్ని వెనక్కి పంపినారో లెక్క లేదు. రేపు 'సిస్టం పోయింది' అంటారు. మాట కొత్తది, దెబ్బ పాతదే.

కాగితానికీ భద్రత లేదని మదనపల్లె చూసింది. 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయినాయి. కాగితానికి నిప్పు, కంప్యూటరుకు కన్నం. ఏది జరిగినా, రెండో నకలు లేనోడే వీధిన పడతాడు.

కంపెనీలనూ ప్రభుత్వాలనూ ఒక్క మాట అడగాల. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం పెట్టి సమాచార కేంద్రాలు తెరిచింది. దానికి అనుకున్న గడువు మూడేండ్లు. 2011 నవంబరులో మీసేవ మొదలైంది కూడా మన చిత్తూరు జిల్లాలోనే. ప్రయోగాలన్నీ మన నేల మీదే. కానీ కంపెనీ పథకానికి గడువుంటుంది, పల్లె అవసరానికి గడువుండదు. యంత్రం ఇచ్చే రోజు రిబ్బను కత్తిరించేవాళ్లు, ఆ యంత్రం ముసలిదైన రోజు ఎక్కడుంటారు? పెద్దోళ్లు విడిచిన గుడ్డలు మన ఒంటికి వచ్చినట్టే, పట్నం ఆఫీసులు విడిచిన కంప్యూటర్లు మన హాస్టళ్లకూ బళ్లకూ దానంగా వస్తా ఉంటాయి. దానం అని దండం పెట్టే ముందు, దీని మద్దతు ఎన్నాళ్లుందని అడగాల.

చెయ్యాలనుకుంటే ప్రభుత్వానికి చేత కాదా? 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఏటీఎంలన్నిటికీ మద్దతున్న సిస్టమే ఉండాలని బ్యాంకులకు ఆజ్ఞ వేసింది. 2019 జూన్ దాకా గడువు పెట్టి, మూడు నెలలకొకసారి ఇంత భాగం పూర్తి కావాలని లెక్క కట్టింది. రూపాయలున్న పెట్టెకు వేసిన ఆ కట్టడి, పేదోని పట్టా ఉన్న పెట్టెకూ వెయ్యాల. మా డిమాండ్లు ఇవి: మండల కార్యాలయం నుంచి పోలీసు స్టేషను దాకా మద్దతు పోయిన కంప్యూటర్లను గడువు పెట్టి మార్చాలి. రికార్డుల నకలు నెట్‌తో సంబంధం లేకుండా వేరేచోట దాచాలి. కొత్తవి కొనలేని బళ్లలో, హాస్టళ్లలో లినక్స్ వెయ్యాలి. అది ఉచితం, పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. కేరళ ప్రభుత్వ బళ్లలో ఏండ్ల నుంచి అదే నడుస్తోంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు దాన్ని తెలుగులోకే తెచ్చినారు.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. పోలీసు కేసు పెడితే ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే, అది చట్టం. కాగితం చేతిలో పడందే స్టేషను గడప దిగవద్దు. అడంగలు, 1-బీ, పట్టా, కులం సర్టిఫికెట్టు జిరాక్సులు తీసి రెండిళ్లలో పెట్టండి. నెట్ సెంటరులో పని అయినాక మీ ఆధారు, పాసుబుక్కు స్కాన్లను మీ కళ్లముందే తీసేయమనండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కు ఫోను చెయ్యండి. కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. ఒక్కొక్క కంప్యూటరు వివరం అడిగితే భద్రత పేరు చెప్పి తిప్పి పంపొచ్చు. కాబట్టి మద్దతు లేని కంప్యూటర్లు మొత్తం ఎన్ని, మార్చే గడువెప్పుడు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాల. పేదరికపు రేఖ కింద ఉన్నోళ్లకు రుసుము లేదు.

ఊరి బావి తాడు మన చేతికి రావడానికి తరాలు పట్టింది. ఈ కొత్త బావి గట్టు మీద మనల్ని మళ్లీ చేతులు చాచి నిలబెట్టకుండా ఇప్పుడే అడుగుదాం. మన రికార్డు మన హక్కు. దాని తాళం గట్టిదా కాదా అని అడిగే హక్కూ మనదే.

జై భీం!