అమ్మ ఫోన్‌కి ఆఖరి అప్‌డేట్ ఎప్పుడొచ్చింది?

మా ఇంట్లో ఫోన్లకి ఒక వరస ఉంది. కొత్తది నాకు. నేను వాడి పక్కన పెట్టింది తమ్ముడికి. వాడు కూడా వద్దన్నది అమ్మకి. మీ ఇంట్లోనూ దాదాపు ఇంతే అయ్యుంటుంది.

పోయిన ఆదివారం గ్యాస్ బుకింగ్ అవ్వట్లేదంటే అమ్మ ఫోన్ తీసుకున్నా. పనయ్యాక ఎందుకో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూశా. 2021 ఆగస్టు అని ఉంది. కొత్త అప్‌డేట్ ఏమైనా ఉందేమోనని నొక్కితే, 'మీ ఫోన్ అప్ టు డేట్‌గా ఉంది' అని చెప్పింది. అది అబద్ధం కాదు. కంపెనీ ఇచ్చిన ఆఖరి అప్‌డేట్ అందులో ఉంది. ఆ తర్వాత కంపెనీ ఇవ్వడం మానేసింది. ఆ ముక్క మాత్రం స్క్రీన్ మీద ఎక్కడా లేదు.

ఆ ఫోన్‌తోనే అమ్మ పాలవాడికి యూపీఐ చేస్తుంది. నాన్న పెన్షన్ పడే అకౌంట్ దానికే లింక్ అయ్యుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చేదీ అందులోకే. ఇంట్లో డబ్బంతా అన్నిటికన్నా పాత ఫోన్ మీద ఆధారపడి ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

"బాగానే పనిచేస్తోంది కదరా, ఇంకో రెండేళ్లు వస్తుంది" అంది అమ్మ.

ఈ 'బాగానే పనిచేస్తోంది' అన్న మాట ఎంతదాకా తీసుకెళ్తుందో తెలియాలంటే 2017 గుర్తుచేసుకోవాలి. మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండుంటారు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సపోర్ట్ ఆపేసింది. అయినా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో అది నడుస్తూనే ఉంది. బాగానే పనిచేస్తోంది కదా మరి. 2017 మార్చిలో విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న ఒక పెద్ద లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, సపోర్ట్‌లో ఉన్న వెర్షన్లకి మాత్రమే. నెల తిరిగేసరికి ఆ లోపాన్ని వాడుకునే 'ఎటర్నల్ బ్లూ' అనే టూల్ నెట్‌లో బయటపడింది. మే 12న 'వన్నాక్రై' వచ్చింది.

అది ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టమంది. 150 దాకా దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకి తగిలింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాదాపు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని తర్వాత లెక్కగట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లనూ అది వదల్లేదు. మైక్రోసాఫ్ట్ ఉన్నపళంగా, మూడేళ్ల కిందట వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇవ్వాల్సొచ్చింది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీ కంప్యూటర్లు కాదు, విండోస్ 7వి. వాటికి ప్యాచ్ వచ్చి రెండు నెలలైంది, వేసుకోలేదంతే. ప్యాచ్ రానివాళ్లూ, వచ్చినా 'రేపు చూద్దాం' అని నొక్కినవాళ్లూ దొంగకి ఒక్కటే.

సపోర్ట్ ఆగిపోతే అసలు ప్రమాదం ఎక్కడుంది? ఇలా అనుకోండి. ఒక మేస్త్రీ ఒకే ప్లాన్‌తో పది ఇళ్లు కట్టాడు. అన్నిట్లోనూ వెనక కిటికీ గొళ్లెం వదులు. కొన్నాళ్లకి ఆ తప్పు తెలిసి, కొత్త ఇళ్లకి వెళ్లి గొళ్లేలు మార్చాడు. పాత ఇళ్ల జోలికి పోలేదు. మేస్త్రీ ఏ కిటికీ దగ్గర నిలబడి పని చేశాడో వీధిలో అందరూ చూశారు, దొంగతో సహా. ఇక వాడు పాత ఇళ్లలో ఎక్కడ తోయాలో వెతుక్కోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే జరుగుతుంది. ప్యాచ్ రాకముందు ఫైలునీ, వచ్చాక ఫైలునీ పక్కపక్కన పెట్టి చూస్తే మార్చింది ఎక్కడో తెలుస్తుంది. పాత వెర్షన్‌లోనూ అదే కోడ్ ఉంటే, కొత్త ఫోన్‌కి వచ్చిన మందే పాత ఫోన్ జబ్బేంటో ఊరంతా చెప్పేస్తుంది. 2015లో 'స్టేజ్‌ఫ్రైట్' లోపం బయటపడ్డాక గూగుల్ నెలనెలా ఆండ్రాయిడ్ సెక్యూరిటీ లోపాల జాబితా విడుదల చేస్తోంది. అప్పట్లో ఒక్క ఎంఎంఎస్ పంపి ఫోన్‌లోకి దూరే వీలుండేది. ఆ జాబితా ఎవరైనా చదువుకోవచ్చు. అమ్మ ఫోన్ ఆగిపోయిన తర్వాత ఎన్ని నెలలు గడిచాయో అన్ని జాబితాలున్నాయి.

అలాగని భయపెట్టను. సపోర్ట్ పోయిన మర్నాడే ఫోన్‌ని ఎవరో దోచుకోరు. ప్లే స్టోర్ నుంచి వాట్సాప్, క్రోమ్ లాంటి యాప్‌లకి అప్‌డేట్స్ ఇంకొన్నాళ్లు వస్తూనే ఉంటాయి. ఆగిపోయేది వాటి కింద ఉన్న పునాది: కెర్నెల్, చిప్‌ని నడిపే డ్రైవర్లు. యాంటీవైరస్ యాప్ వేస్తే సరిపోదా అని తమ్ముడు అడిగాడు. అదీ ఆ పునాది మీద నిలబడ్డ యాపే కదా. కింద నేల కదిలితే పైన కాపలావాడు ఏం చేస్తాడు?

ఇంకోటి. పెళ్లి శుభలేఖ అనో, బ్యాంకు కేవైసీ అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపి డబ్బు లాగేసే మోసం గురించి మీకు తెలిసే ఉంటుంది. కొత్త ఫోన్లోనూ అది జరగొచ్చు. కానీ ఆండ్రాయిడ్ 13 నుంచి, అలా బయటి నుంచి వేసిన యాప్‌లకి యాక్సెసిబిలిటీ లాంటి పెద్ద అనుమతులు అంత తేలిగ్గా దొరక్కుండా ఒక అడ్డు పెట్టారు. పాత వెర్షన్‌లో ఆగిపోయిన ఫోన్‌కి ఆ అడ్డు లేదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకీ ఇదే కథ. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ముగిసింది. మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికొస్తే మారిపోండి. పనికిరాకపోతే, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. ఆ తర్వాత లైనక్స్ ఉంది, అది ఉచితమే. ఏదీ చేయలేకపోతే కనీసం ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి.

ఇక మా ఇంటి సంగతి. పండగ సేల్‌లో నాకోసం ఒక ఫోన్ చూసిపెట్టుకున్నా. దాన్ని కార్ట్‌లోంచి తీసేశా. అమ్మకే కొత్తది కొన్నా. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో చూడలేదు, సెక్యూరిటీ అప్‌డేట్స్ ఎన్నేళ్లు ఇస్తామన్నారో చూశా. ఖరీదైన కొన్ని మోడల్స్‌కి 7 ఏళ్లు ఇస్తున్నారు. మాకు అందుబాటులో ఉన్న ధరలో నాలుగేళ్లు ఇచ్చేది దొరికింది. ఆ నాలుగేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, చాలాసార్లు ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు. ఆఫర్‌లో దొరికే రెండేళ్ల కిందటి మోడల్ కొనేముందు ఈ లెక్క చూసుకోండి. నా ఫోన్‌కి ఇంకో ఏడాదిన్నర అప్‌డేట్స్ వస్తాయి, నాకది చాలు.

పాత ఫోన్‌లో యూపీఐ యాప్‌లు తీసేసి, అకౌంట్లన్నీ లాగౌట్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టా. సిమ్ లేదు, వైఫై లేదు. మెమరీ కార్డులో ఘంటసాల పాటలు వేసి వంటింట్లో పెట్టా. అమ్మకి కొత్తదానికన్నా అదే ఎక్కువ నచ్చింది.

ఇది చదవడమయ్యాక ఒక పని చేయండి. మీ ఫోన్ కాదు, మీ అమ్మ ఫోన్ అడిగి తీసుకోండి. సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ అప్‌డేట్' అని వెతికి తేదీ చూడండి. ఏడాది దాటి ఉంటే, ముందు ఆ ఫోన్‌లోంచి బ్యాంకుని బయటికి తీసుకురండి. కొత్త ఫోన్ ఎప్పుడు కొనాలన్నది ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎప్పుడైనా డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఆ నంబర్ అమ్మ ఫోన్‌లో సేవ్ చేసి మరీ తిరిగివ్వండి.