అమ్మ నోట మొదటి మాట

పోయిన నెల మా అమ్మాయి జుట్టు కత్తిరించుకుని వచ్చింది. నడుం దాకా ఉండే జడ కాస్తా చెవుల దగ్గరికొచ్చి ఆగింది. నుదుటి మీద గీత గీసినట్టు ముందు జుట్టు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు పళ్ళెం పక్కన పెట్టేసి, "అయ్యో, రేపు అరంగేట్రానికి జడ ఎక్కడ కడతావే?" అన్నారు. మా ఆయన మామూలుగానే పేపర్లోంచి తల ఎత్తలేదు.

"సవరం పెట్టుకుంటాలే నానమ్మా" అని, నా దగ్గరకొచ్చి ఫోన్లో ఓ నలుపు తెలుపు ఫొటో చూపించింది. "చూడమ్మా, లూయీ బ్రూక్స్. వందేళ్ళ కిందటి హీరోయిన్. ఈవిడ కూడా డాన్సరే."

నిజం చెప్పొద్దూ, ఫొటోలో ఆ పిల్ల చాలా బాగుంది. నల్లటి టోపీ పెట్టినట్టు నున్నటి జుట్టు, సూటిగా మనల్నే చూసే కళ్ళు. ఎవరబ్బా ఈవిడ అని మధ్యాహ్నాలు పని అయ్యాక చదవడం మొదలుపెట్టాను. ఆవిడ సినిమాలు రెండు మూడు కూడా చూశాను. మాటల్లేని సినిమాలు కదా, కుక్కర్ కూతలు ఏమీ అడ్డం రాలేదు!

లూయీ 1906లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, చెర్రీవేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నాన్న లాయరు. అమ్మ పేరు మైరా. ఈ మైరా గురించి చదువుతుంటే నాకు కాసేపు అసూయ, కాసేపు కోపం వచ్చాయి. ఆవిడ పియానో బాగా వాయించేది, పుస్తకాలంటే ప్రాణం. పిల్లల్ని పెంచడం మీద మాత్రం బొత్తిగా ఆసక్తి లేదు. ఆ సంగతి పెళ్ళికి ముందే మొగుడికి చెప్పేసిందట. లూయీ ఓసారి మంచి పింగాణీ కప్పు పగలగొట్టి వస్తే తిట్టలేదు సరికదా, నేను బాహ్ సంగీతం బట్టీ పడుతున్నాను, అడ్డు రాకు అని పంపేసిందట. మన ఇంట్లో స్టీలు గ్లాసు కింద పడితేనే ఎంత రాద్ధాంతం చేస్తామో గుర్తొచ్చి నవ్వుకున్నాను.

కూతురికి నాట్యం వస్తుందని తెలియగానే మైరా వెనకాడలేదు. చిన్నప్పటి నుంచే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లూయీ ప్రదర్శనలిచ్చేది. 1922లో, పదిహేనేళ్ళ వయసులో, న్యూయార్క్‌లో డెనిషాన్ నాట్య బృందంలో చేరడానికి వెళ్ళింది. తోడుగా వెళ్ళింది ఎవరనుకున్నారు? వాళ్ళుంటున్న విచిటా పట్టణంలోని ఓ గృహిణి! మనలాంటి ఆవిడే అన్నమాట. రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ నడిపిన ఆ బృందంలో అప్పుడు మార్తా గ్రాహం కూడా ఉంది. తర్వాత ఆధునిక నాట్యానికే పెద్ద పేరైన మనిషి.

రెండేళ్ళు తిరక్కుండానే, 1924లో, పొగరుబోతని అందరి ముందూ మాట అని లూయీని ఆ బృందంలోంచి తీసేశారు. అప్పటికి పదిహేడేళ్ళు. అక్కణ్ణుంచి బ్రాడ్‌వే సంగీత ప్రదర్శనలు, 1925లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్, అదే ఏడు పారమౌంట్ కంపెనీతో అయిదేళ్ళ కాంట్రాక్టు. ఇరవై నిండేసరికి ఆ జుట్టు కటింగ్ ఊరూరా అమ్మాయిలకి ఫ్యాషన్.

1928లో, టాకీలు వచ్చేస్తున్న రోజుల్లో, ఇస్తామన్న జీతం పెంపు ఇవ్వలేదని పారమౌంట్ వదిలేసి బెర్లిన్ వెళ్ళింది. పాబ్స్ట్ అనే దర్శకుడి దగ్గర 1929లో రెండు సినిమాలు చేసింది, 'పండోరాస్ బాక్స్', 'డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్'. ఇప్పుడు ఆవిణ్ణి తలుచుకునేది ఎక్కువగా వీటి వల్లే. నాకైతే రెండోది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కథ క్లుప్తంగా చెప్తాను. మందుల షాపు యజమాని కూతురు థిమియాన్. షాపులో పనిచేసేవాడే ఆ పిల్లని పాడు చేస్తాడు. బిడ్డ పుడుతుంది. ఇంట్లోవాళ్ళు కూర్చుని తేల్చిందేమిటంటే, ఈ పిల్ల వాణ్ణే పెళ్ళి చేసుకోవాలి. చేసుకోనంటే బిడ్డని ఎవరికో అప్పగించేసి, పిల్లని దిద్దుబాటు బడికి పంపేస్తారు. వాడు మాత్రం షాపులోనే ఉంటాడు! ఆ కుటుంబ సమావేశం జరిగే దృశ్యం మన ఇళ్ళ ముందు గదుల్లో ఎక్కడైనా జరగచ్చు. కుర్చీల తేడా, అంతే.

ఇక అసలు సంగతి. లూయీకి తొమ్మిదేళ్ళప్పుడు చెర్రీవేల్‌లోనే, పొరుగున ఉండే ఓ మగవాడు ఆ పిల్ల మీద అఘాయిత్యం చేశాడు. చాలా ఏళ్ళ దాకా ఎవరికీ చెప్పలేదు. పెద్దయ్యాక ఎప్పుడో తల్లికి చెప్తే ఆవిడ అన్నదేమిటో తెలుసా? నువ్వే వాడికి చనువిచ్చి ఉంటావు అని. తొమ్మిదేళ్ళ పిల్లని!

ఇది చదివాక ఫోన్ పక్కన పెట్టేశాను. నాకు ఏడో క్లాసు గుర్తొచ్చింది. వయొలిన్ క్లాసుకెళ్ళే దారిలో ఓ కొట్టు ఉండేది. చిల్లర ఇస్తూ ఆయన చెయ్యి వదిలేవాడు కాదు. ఓ రోజు చెయ్యితో ఆగలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "అసలు నువ్వు ఒక్కదానివే ఎందుకెళ్ళావు?" అంది. అమ్మ చెడ్డది కాదు, భయపడింది. మర్నాటి నుంచి వయొలిన్ మాన్పించేశారు. కొట్టాయన కొట్టు మాత్రం చక్కగా నడిచింది. మా ఇంట్లో పంచదార కూడా అక్కణ్ణుంచే వచ్చేది.

ఇది ఎవరికీ చెప్పకుండా దాచుకోవచ్చు. కానీ దీని వెనకాల ఇంకోటి ఉంది, అది నా తప్పు. కిందటేడాది మా అమ్మాయి షేర్ ఆటోలో వస్తుంటే పక్కనున్న పెద్దమనిషి మోచేత్తో ఇబ్బంది పెట్టాడు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చెప్పింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఆడవాళ్ళున్న ఆటో చూసుకుని ఎక్కచ్చు కదా?" అది మాట్లాడలేదు. గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాది పాటు నాకు అలాంటివేవీ చెప్పలేదు. అంతా బాగానే ఉందనుకున్నాను నేను. పిచ్చిదాన్ని.

ఈ కథంతా మా అత్తయ్యగారికి చెప్తే, "ఆడపిల్లని అంత దూరం ఒంటరిగా పంపితే అంతే మరి" అన్నారు. నేను ఒప్పుకోను. లూయీకి చెడు జరిగింది న్యూయార్క్‌లో కాదు, బెర్లిన్‌లో కాదు. నాట్యం వల్ల కాదు, సినిమా వల్ల కాదు. సొంత ఊళ్ళో, ఇంటి పక్కనే, తొమ్మిదేళ్ళప్పుడు. గడప దాటనివ్వకపోవడమే కాపలా అనుకునే మనం ఈ ముక్క రాసిపెట్టుకోవాలి.

అలాగని మైరాని తీసిపారెయ్యలేను. సంగీతం, పుస్తకాలు, రెక్కలు అన్నీ ఆవిడే ఇచ్చింది. ఆ రోజుల్లో ఎంతమంది తల్లులు ఇవ్వగలిగారు? కానీ ఒక్క మాట ఇవ్వలేకపోయింది. లూయీ తర్వాతి కష్టాలన్నీ ఆ ఒక్క మాట వల్లే అని నేను అనను. మొండితనం, దుబారా, తాగుడు కూడా ఉన్నాయి. పారమౌంట్‌లో చేసిన 'ది కానరీ మర్డర్ కేస్' సినిమాని టాకీగా మార్చడానికి రమ్మంటే రానంది. ఇంకొకరితో గొంతు చెప్పించి, ఆవిడ గొంతు టాకీలకి పనికిరాదని ప్రచారం చేశారు. 1938తో సినిమాలు అయిపోయాయి. విచిటాకి తిరిగొచ్చి డాన్స్ స్కూలు పెడితే అదీ సాగలేదు. చివరికి న్యూయార్క్‌లో ఓ పెద్ద బట్టల షాపులో వారానికి 40 డాలర్లకి సేల్స్ గర్ల్‌గా నిలబడింది.

అయితే ఆ చిన్నప్పటి సంఘటన తన జీవితాన్ని, మగవాళ్ళతో తన సంబంధాలని ఎలా మార్చిందో ఆవిడే పెద్దవయసులో చెప్పుకుంది. వినాల్సిన మనిషి విని ఉంటే ఆ బరువు కొంతైనా తగ్గేదేమో అని ఒక తల్లిగా నాకనిపిస్తుంది.

కథ అక్కడితో ఆగలేదు లెండి. 1956లో జేమ్స్ కార్డ్ అనే ఫిల్మ్ క్యూరేటర్ పిలుపుతో రోచెస్టర్ వెళ్ళి, పాత సినిమాలు చూస్తూ, వాటి గురించి రాయడం మొదలుపెట్టింది. ఆ వ్యాసాల పుస్తకం 'లులు ఇన్ హాలీవుడ్' 1982లో వచ్చింది. 1985లో, 78 ఏళ్ళకి పోయింది. మాటల్లేని సినిమాల్లో వెలిగిన మనిషి ఆఖరికి మాటలతోనే నిలబడింది. చిన్నప్పుడు తల్లి అలవాటు చేసిన పుస్తకాలు అప్పుడు అక్కరకొచ్చాయి. అది మైరా ఖాతాలోనే వెయ్యాలి.

పిల్లలకి డాన్స్ నేర్పిస్తాం, కరాటే నేర్పిస్తాం, ఫోన్లో లొకేషన్ పెట్టుకుంటాం. మంచిదే. కానీ పిల్ల వచ్చి చెప్పినప్పుడు మనం అనే మొదటి మాటని ఎవరూ మనకి నేర్పరు. అది మన అమ్మ నోట విన్నదే మన నోట్లోంచి వచ్చేస్తుంది. 'నువ్వెందుకు వెళ్ళావు, ఏం వేసుకున్నావు, ఎవరికీ చెప్పకు.' ఆ మాటతో వాడి తప్పు పిల్ల ఒళ్ళో పడిపోతుంది. అడగాల్సినవి ఉంటే తర్వాత అడగచ్చు. ముందు 'నీ తప్పేం లేదు, చెప్పి మంచిపని చేశావు' అని తీరాలి. నేర్చుకోవాలండీ, అన్నానికి ఎసరు పెట్టడం నేర్చుకున్నట్టే.

సినిమా చూసిన మర్నాడు మా అమ్మాయి తలకి నూనె పెడుతూ, "కిందటేడాది ఆటో సంగతి... నేనలా అని ఉండకూడదు. అందులో నీ తప్పు ఏం లేదు" అన్నాను. అది తల తిప్పలేదు. కాసేపటికి, "నీకు గుర్తుందా?" అంది. అంతే. ఇంకో పది నిమిషాలయ్యాక కోచింగ్ సెంటర్ దగ్గర ఒకడు రోజూ వెంటపడుతున్న సంగతి చెప్పింది. నాలుగు నెలల నుంచట.

మొదటి మాట ఏమన్నానో చెప్పనా? "చెప్పి మంచిపని చేశావమ్మా" అన్నాను. గొంతు వణికింది గానీ, అన్నాను. ఇప్పుడు ఆ సంగతి మేమందరం కలిసి చూస్తున్నాం. వాళ్ళ నాన్న కూడా పేపర్ మడిచి పక్కన పెట్టారు. అత్తయ్యగారైతే వాడి పేరేమిటో చెప్పమని ఒకటే గోల. కోచింగ్ మాత్రం మాన్పించలేదు.

నూనె మాత్రం చాలా మిగిలిపోతోందండీ. కాస్తంత జుట్టుకి ఎంత పడుతుంది చెప్పండి?