సిగరెట్టు మీద కత్తి కట్టిన డాక్టరు

చుట్ట కాల్చే తాతగార్లకు ఈ కబురు అంతగా రుచించకపోవచ్చు!

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని ఓ చిన్న దేశం ఉంది. దానికి రెండుసార్లు అధ్యక్షుడైన తబరే వాస్కెజ్ వృత్తిరీత్యా క్యాన్సర్ డాక్టరు. చమురు కర్మాగారంలో పనిచేసే కార్మికుని కొడుకు. తల్లి, తండ్రి, తోబుట్టువు ముగ్గురినీ ఆ జబ్బే పొట్టన పెట్టుకుంది.

పదవి రాగానే స్టెతస్కోపును మేకుకు తగిలించే డాక్టర్లున్నారు. ఈయన మాత్రం 2005లో గద్దెనెక్కాక కూడా వారానికోరోజు రోగులను చూస్తూనే వచ్చారు. కానీ డాక్టరు దగ్గరకు మనిషి వచ్చేది జబ్బు ముదిరాకనే కదా! అందుకే 2006 మార్చి 1 నుంచి ఆఫీసుల్లో, హోటళ్లలో పొగ తాగడం నిషేధించారు. సిగరెట్టు పెట్టెపై నూటికి 80 పాళ్లు హెచ్చరికలే ఉండాలని 2009లో ఉత్తర్వు వేశారు. ఫిలిప్ మోరిస్ కంపెనీ భగ్గుమని, 2010లో అంతర్జాతీయ పంచాయతీకెక్కింది. అంత పెద్ద కంపెనీ ముందు ఉరుగ్వే ఎంత? అయినా 2016లో తీర్పు ఉరుగ్వే పక్షానే వచ్చింది. పైగా దావా ఖర్చుల కింద కంపెనీయే 70 లక్షల డాలర్లు ఎదురిచ్చుకోవలసి వచ్చింది!

అన్నిటా అందరినీ మెప్పించారని కాదు. 2008లో గర్భస్రావాన్ని అనుమతించే బిల్లును తోసిపుచ్చి, స్వపక్షంవారినే నొప్పించారు.

2020 మార్చిలో పదవి దిగారు. ఆ డిసెంబరు 6న కన్నుమూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్.