ఫ్రీజర్ మీద మోపిన నింద

ఫ్రీజర్‌లో పెట్టిన తిండి చచ్చిన తిండి అన్న మాట ఇప్పుడు తెలుగు ఇళ్లలో వేదవాక్కు అయి కూర్చుంది. వాట్సాప్‌లో వచ్చే సందేశాలు అదే చెబుతాయి. యూట్యూబ్‌లో ఆరోగ్యం బోధించేవాళ్లు అదే చెబుతారు. పెళ్లి భోజనంలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషీ అదే చెబుతాడు. సారం పోతుందట, ప్రాణశక్తి పోతుందట, మన పూర్వులు ఇలాంటి తిండి ముట్టనే లేదట. మళ్లీ ఆ ఇళ్లలోనే ఇంకో నమ్మకం ఉంటుంది: ఫ్రీజర్‌లో పడేస్తే క్రిములన్నీ చస్తాయి, ఇక ఎన్నాళ్లు ఉంచినా ఏమీ కాదు! తిండిని చంపుతుందని ఒక నోరు, క్రిములను చంపుతుందని ఇంకో నోరు. రెండూ తప్పే, రెండింటి వేరూ ఒక్కటే. చలి ఆహారం స్వభావాన్ని మార్చేస్తుందన్న ఊహే ఆ వేరు. చలి చేసే పని ఆపడం. మంచిగా ఉన్నది మంచిగా ఆగుతుంది, చెడిపోతున్నది చెడినంతవరకూ చెడి ఆగుతుంది. ఇదే నా వాదన. సాక్ష్యాలు ముందు పెడతాను, తీర్పు మీరు చెప్పండి.

మొదటి సాక్ష్యానికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో ఎందరో ఇండియా ప్రయాణానికి ముందు కాస్త పెరుగును ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి వస్తారు. నెల తరవాత తిరిగి వెళ్లి, ఒక ముక్క కరిగించి గోరువెచ్చని పాలలో కలుపుతారు. పాలు తోడుకుంటాయి. కొంచెం ఆలస్యమైతే కావచ్చు, తోడుకోవడం మాత్రం ఖాయం. తోడులో పనిచేసేవి బతికున్న సూక్ష్మజీవులే కదా? అవి నెల రోజులు గడ్డకట్టి ఉండి కూడా బతికి బయటపడ్డాయి. మరి ఫ్రీజర్‌లో అంతా చచ్చిపోతుందన్నవారు దీనికేమంటారు? క్రిములన్నీ చస్తాయన్నవారు ఏమంటారు? చిన్న పెరుగు ముక్క రెండు వాదనలనూ కూల్చేసింది.

ఇప్పుడు సారం సంగతి. కోసిన క్షణం నుంచీ కూరగాయ తనను తాను తింటూ ఉంటుంది. పచ్చి బఠాణీలో చక్కెర పిండిగా మారుతుంది. ఆకుకూరలో సి విటమిన్ పూటపూటకీ తగ్గుతుంది. తెల్లవారుజామున కోసిన గోంగూర బండెక్కి, బజారుకొచ్చి, నీళ్లు చిలకరించుకుంటూ ఎండలో కూర్చుని, సాయంత్రానికి మీ సంచిలో పడి, తరవాత నాలుగు రోజులు ఫ్రిజ్ అడుగున ప్లాస్టిక్ కవరులో మగ్గుతుంది. దాన్ని మీరు తాజా అంటారు. కోసిన రోజునే మరిగే నీళ్లలో ముంచి తీసి గడ్డకట్టించిన ఆకును చచ్చినదంటారు. ఏ కొలతతో?

కొలిచినవారు ఉన్నారు. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు బఠాణీ, బీన్స్, పాలకూర, క్యారెట్, మొక్కజొన్న సహా ఎనిమిది రకాల కూరగాయలనూ పండ్లనూ తీసుకుని, తాజావాటినీ గడ్డకట్టించినవాటినీ పక్కపక్కన పరీక్షించారు. అయిదింటిలో సి విటమిన్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మిగతా మూడింటిలో గడ్డకట్టించినవాటిలోనే ఎక్కువ ఉంది. కొన్నింటిలో బీటా కెరోటిన్ మాత్రం బాగా తగ్గింది. ఆ నష్టం నిజం, దాచను. మరిగే నీళ్లలో ముంచినప్పుడు సి విటమిన్ కొంత నీళ్లపాలవడమూ నిజమే. అయితే రోజూ పొయ్యి మీద అరగంట ఉడికించి, వార్చిన నీళ్లు తూములో పోసేటప్పుడు ఈ సారం మీద బెంగ ఎక్కడికి పోతుంది? నష్టం ఉందా లేదా అని అడిగితే వంటింట్లో ఏ పనీ నిలవదు. దేనికన్నా ఎక్కువ, దేనికన్నా తక్కువ అని అడగాలి.

చేపల దగ్గర ఈ మూఢనమ్మకం మరీ ముదిరింది. ఐసు మీద పరిచిన చేప తాజాదట, గడ్డకట్టించిన చేప నిల్వదట. విశాఖ రేవు నుంచి వేటకెళ్లే మరబోట్లు సముద్రం మీద వారం పది రోజులు ఉంటాయి. మొదటి రోజు పడ్డ చేప అన్నాళ్లూ బోటు అడుగున ఐసులోనే ఉంటుంది. ఐసు అంటే సున్నా డిగ్రీలు. ఆ చలిలో కుళ్లు నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. మైనస్ 18 దగ్గర ఆహారాన్ని పాడుచేసే సూక్ష్మజీవి ఏదీ పెరగదు. పట్టిన రోజునే ఆ చలిలోకి వెళ్లిన చేపకూ, పది రోజులు ఐసులో నానిన చేపకూ మధ్య ఏది తాజాగా ఉన్నట్టు? భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్య గడ్డకట్టిన రూపంలోనే సముద్రాలు దాటి అమెరికా బల్లల మీదకు చేరుతోంది. దాని మీద వచ్చే డబ్బుతో ఆ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే బతుకుతున్నాయి. మనం పెంచి, మనం గడ్డకట్టించి, ప్రపంచానికి అమ్మే సరుకు మన ఇంటి ఫ్రీజర్‌లోకి రాగానే విషమెలా అయింది?

ఇక పూర్వుల పేరు చెప్పేవారు. పూర్వులు నిల్వ తిండి తినలేదా? మరి ఆవకాయ ఏమిటి? ఏడాదంతా జాడీలో ఉండేది నిల్వ కాదా? వడియాలు, అప్పడాలు, మామిడి ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, ఎండు రొయ్యలు, ఉప్పు చేపలు ఎందుకు పుట్టాయి? పంట వచ్చిన నెలలో మిగిలినది పంట లేని నెలకు దాచుకోవడానికే. ఉప్పు నీటిని లాగేస్తుంది, ఎండ నీటిని ఆవిరి చేస్తుంది, నూనె గాలిని అడ్డుకుంటుంది. ఫ్రీజర్ నీటిని గట్టిపరచి సూక్ష్మజీవికి అందకుండా చేస్తుంది. నాలుగింటి ఉద్దేశమూ ఒకటే. చింతచిగురు దొరికేది ఎన్నాళ్లు? పనసపొట్టు దొరికేది ఎన్నాళ్లు? ఆనాటి గృహిణికి మైనస్ 18 డిగ్రీల పెట్టె ఒకటి దొరికి ఉంటే చింతచిగురును ఎండబెట్టి సగం రుచి పోగొట్టుకునేదా? పూర్వులను గౌరవించడమంటే వాళ్ల ముందుచూపును అందుకోవడం. వాళ్ల దగ్గర లేని పనిముట్టును తిట్టడం గౌరవమెలా అవుతుంది?

కొందరు భగవద్గీత దాకా వెళతారు. పదిహేడో అధ్యాయం పదో శ్లోకంలో తామసాహారం గురించి ఉందంటారు. ఉంది. జాము గడిచినది, రసం పోయినది, దుర్వాసన వేసేది, చద్దిబడినది అని ఆ తిండి ఏ స్థితిలో ఉందో స్పష్టంగానే చెప్పింది. సరిగ్గా దాచిన తిండి దుర్వాసన వేయదు, రసం పోగొట్టుకోదు. కాదు, జాము గడిస్తే చాలు దోషమే అని పట్టుబడితే, పొద్దున వండి మధ్యాహ్నం డబ్బా విప్పే ప్రతి ఉద్యోగీ దోషే. చద్దన్నాన్ని అమృతమని పొగుడుతున్నదీ ఈ బోధకులే కదా! పైగా దానికి ముందు శ్లోకంలోనే అతిగా ఉన్న కారం, పులుపు, ఉప్పు రోగాన్నీ దుఃఖాన్నీ తెస్తాయని ఉంది. ఆవకాయ జాడీ పక్కన కూర్చుని పదో శ్లోకం చదివేవారు తొమ్మిదో శ్లోకాన్ని ఎందుకు దాటేస్తారు? శాస్త్రాన్ని సాక్షిగా పిలిచినవాడు సాక్ష్యం మొత్తం వినాలి.

ఇంత పొరపాటు ఇంతమందికి ఎలా కలిగింది? కారణం ఉంది. జనం చూసినదీ, తిన్నదీ చెడ్డ పనితనం. ఇరుకైన ఫ్రీజర్‌లో కిలో బెండకాయలు కడిగిన తడితోనే కవరులో కుక్కి పడేస్తారు. నెల తరవాత తీస్తే పీచులా, జిగురులా వస్తాయి. వెంటనే తీర్పు: ఫ్రీజర్ చంపేసింది! నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై కణాల గోడలను చీలుస్తాయి. వేగంగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, కణం నిలుస్తుంది. అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1912లో లాబ్రడార్ వెళ్లి, అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ గాలి చలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తరవాత కూడా రుచి చెడకపోవడం గమనించాడు. ఆ వేగాన్ని యంత్రంలోకి తెచ్చాడు. 1930లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని దుకాణాల్లో ఆ సరుకు అమ్మకానికి వచ్చింది. పరిశ్రమంతా ఆ వేగం మీదే నిలబడింది.

ఇంట్లో ఆ వేగం రాదు, కానీ దగ్గరికి చేరవచ్చు. ముద్దలా కాకుండా పలచగా పరచాలి. అల్లం వెల్లుల్లి ముద్దను కవరులో అప్పడంలా ఒత్తి పెడితే గంటల్లో గట్టిపడుతుంది, కావలసినంత విరిచి వేసుకోవచ్చు. కొబ్బరి తురుము, కరివేపాకు కూడా అంతే. బఠాణీలను మరిగే నీళ్లలో సుమారు రెండు నిమిషాలు, బీన్స్‌ను మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, గుడ్డ మీద ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించాక కవరులో పోయాలి. మరిగే నీళ్లు ఎందుకంటే, రంగునూ రుచినీ చెడగొట్టే ఎంజైములు ఫ్రీజర్ చలిలో కూడా మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి. వాటిని వేడి ఆపుతుంది. కవరులో గాలి మిగలకూడదు. గాలి తగిలిన మాంసం మీద తెల్లటి పొడి మచ్చలు లేస్తాయి. అది కుళ్లు కాదు, ఆ చోట తేమ ఆరిపోయిందంతే. తింటే ప్రమాదం లేదు, రుచి ఉండదు. పచ్చి బంగాళదుంప, దోసకాయ, ఉడికించిన గుడ్డు ఫ్రీజర్‌కు పనికిరావు. అవి పనికిరానంత మాత్రాన ఏదీ పనికిరాదనడం ఏ తర్కం?

ఇప్పటిదాకా ఖండించిన నమ్మకం వల్ల పోయేది డబ్బు, తిండి. ఫ్రీజర్‌లో క్రిములన్నీ చస్తాయన్న రెండో నమ్మకం వల్ల ప్రాణమే పోవచ్చు, అందుకే దాని మీద నాకు కోపం ఎక్కువ. రాత్రి విందులో మిగిలిన బిర్యానీని తెల్లారేదాకా బల్ల మీద వదిలేసి, పొద్దున ఫ్రీజర్‌లో పెట్టి, దాచుకున్నామని తృప్తిపడేవారు ఎందరు! ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయి. బయటి వేడికి అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం చలికి పోదు, మళ్లీ వేడిచేసినా పోదు. వండినదాన్ని రెండు గంటల్లోపు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటలోపు చల్లని చోట పెట్టాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మే నెలలో విజయవాడలో, రామగుండంలో వంటింటి వేడి ఎంతో మీకు తెలుసు. గిన్నె పూర్తిగా చల్లారాకే పెట్టాలని రాత్రంతా ఎదురుచూడడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వెడల్పాటి డబ్బాల్లోకి పలచగా సర్ది, చన్నీళ్ల పళ్లెంలో కాసేపు ఉంచి, వెంటనే లోపల పెట్టాలి.

గడ్డకట్టినది కాబట్టి క్షేమమే అన్న ధీమాకు ఐరోపా 2015 నుంచి 2018 దాకా మూల్యం చెల్లించింది. గడ్డకట్టించిన మొక్కజొన్నలో లిస్టీరియా అనే క్రిమి ఉండిపోయి, అయిదు దేశాల్లో 47 మందికి జబ్బు చేసింది, తొమ్మిది మంది చనిపోయారు. క్రిమి గింజతోపాటు ఫ్రీజర్‌లో హాయిగా నిద్రపోయి, బయట లేచింది. సరిగ్గా ఉడికించి ఉంటే చచ్చేది. అందుకే కరిగించడం ఫ్రిజ్ కింది అరలో జరగాలి, గట్టు మీద కాదు. తరవాత బాగా ఉడకాలి. ఫ్రిజ్‌లోనే కరిగిన మాంసాన్ని మళ్లీ గడ్డకట్టించినా అపాయం లేదు, మెత్తదనం కొంత పోతుంది. గట్టు మీద పూటంతా కరిగినదాన్ని మళ్లీ లోపల పెట్టడం మాత్రం రోగాన్ని దాచుకోవడమే.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. మన ఫ్రిజ్ తలుపు మీద అంటించే నక్షత్రాలు కరెంటు పొదుపుకు గుర్తు. ఫ్రీజర్ గది మీద ఉండే నక్షత్రాలు వేరు. అక్కడ ఒకటి ఉంటే మైనస్ 6, రెండు ఉంటే మైనస్ 12, మూడు ఉంటే మైనస్ 18 డిగ్రీలు. ఒక నక్షత్రం గదిలో తిండి నిలిచేది వారం. మూడు నక్షత్రాల గదిలో మూడు నెలలు. పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఆర్నెల్లు మాంసం దాచి, అది పాడైతే శాస్త్రాన్ని నిందించడం అన్యాయం. కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చలిని నిలుపుకుంటుంది.

ఇక నుంచి ఎవరైనా ఫ్రీజర్ తిండి విషమని గానీ, ఫ్రీజర్‌లో పెట్టినదానికి ఢోకా లేదని గానీ చెబితే వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. లోపల పెట్టే ముందు అది ఎంతసేపు బయట ఉంది? లోపల ఎన్ని డిగ్రీలు? ఎన్నాళ్లు ఉంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివారికి మీ వంటింటి మీద తీర్పు చెప్పే హక్కు లేదు.