యింటి ముచ్చట్లు: చేతిలో వున్నంతలో వీడియో ఆటలు

సింధనూరు తాలూకాలోని వొక క్యాంపు నుంచి వొక సోదరి మాకు ఉత్తరం రాశారు. తొమ్మిదో తరగతి చదివే వారి అబ్బాయి వీడియో ఆటల యంత్రం కొనిపెట్టమని పట్టుపట్టి కూర్చున్నాడట. "వద్దంటే అన్నం మానేస్తున్నాడు, కొందామంటే చేతిలో డబ్బు లేదు, మీరేమంటారు?" అని అడిగారు. ఆటలు మానిపించి చదివించండి అని జవాబు రాసి చేతులు దులుపుకోవడం సులభమే. మేము ఆ పని చేయదలచుకోలేదు. కుర్రవాడు అడిగింది ఆట, అందులో తప్పేమీ లేదు.

డబ్బు లేదన్న మాటా నిజమే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత కోస్తా జిల్లాల నుంచి వచ్చి, యెడమ కాలువ కింద తుప్పలు కొట్టి స్థిరపడిన సంసారాలు మనవి. కాలువలో నీరుంటేనే పెట్టెలో డబ్బు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ నంబరు గేటు కొట్టుకుపోయిన సంగతి యెవరు మరిచిపోతారు? ఆ తరువాత 33 గేట్లూ మార్చే పని కోసం 2025-26లో రెండో పంటకు నీరు లేకపోయింది. వొక్క పంటతో యేడాది నెట్టుకొచ్చిన యింట్లో యాభై వేలు దాటిన యంత్రం మాట యెత్తడం కష్టం. పైగా యంత్రంతో ఖర్చు ఆగదు. కొత్త ఆట వొక్కొక్కటి నాలుగైదు వేలు పలుకుతుంది. యెన్ని బస్తాల ధాన్యమో యింటాయనే లెక్క వేసుకోవచ్చు.

అయితే ఆ యంత్రం లేకపోతే ఆటే లేదా? వుంది. యింట్లో వున్న ఫోను చాలు, మూలనపడిన పాత కంప్యూటరు వుంటే మరీ మంచిది. కాని ముందుగా 'ఉచితం' అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. సంతలో బెల్లం అమ్మేవాడు వొక ముక్క చేతిలో పెట్టి రుచి చూడమంటాడే, ఫోనులోని ఉచిత ఆటలు చాలావరకు ఆ జాతివి. ఆడడానికి పైసా అక్కరలేదు; తుపాకీకి రంగు కావాలన్నా, బొమ్మకు చొక్కా మార్చాలన్నా డబ్బు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. 2021లో అది బీజీఎంఐ అనే పేరుతో తిరిగి వచ్చినప్పుడు, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదని కంపెనీవారు హద్దు పెట్టారు. రోజుకు యేడు వేలు! మన యిళ్లలో యిది హద్దా, ఆహ్వానమా?

కాబట్టి తండ్రి ఫోనులో పిల్లవాడు ఆడుకుంటున్నప్పుడు యూపీఐ రహస్య సంఖ్య వాడికి తెలియకూడదు. ప్లే స్టోరు సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగే యేర్పాటు వుంది, అది పెట్టుకోవాలి. రెండు నిమిషాల పని. రమ్మీ వంటి డబ్బు పందేల సంగతి వేరు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం వాటిని నిషేధించింది. అవి ఆటల లెక్కలోకి రావు, వాటి ప్రసంగం మాకు అక్కరలేదు.

నిజంగా ఉచితమైనవీ వున్నాయి. చదరంగానికి లీచెస్ వుంది. 2010లో వొక ఫ్రెంచి యువకుడు మొదలుపెట్టాడు, విరాళాలతో నడుస్తుంది. రుసుము లేదు, ప్రకటనలు లేవు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, మళ్లీ 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. ఆమె గెలిచిన ఆటలను పిల్లలు అక్కడే యెత్తు తరువాత యెత్తు వేసి చూడవచ్చు. కథ, యుద్ధం కావాలంటే వెస్‌నాత్. బండ్ల పందెం కావాలంటే సూపర్ టక్స్ కార్ట్. మైన్‌క్రాఫ్టు మాదిరిగా దిమ్మెలతో ఊళ్లు కట్టుకోవాలంటే లువాంటి. యివన్నీ పాత కంప్యూటరు మీద కూడా నడుస్తాయి. వొకసారి దింపుకున్న తరువాత వొంటరిగా ఆడుకోవడానికి ఇంటర్నెట్టు కూడా అక్కరలేదు. ఎపిక్ అనే దుకాణం 2018 డిసెంబరు నుంచి డబ్బు పెట్టి కొనవలసిన ఆటలను కూడా కొన్నిటిని ఉచితంగా యిస్తూ వస్తున్నది. అయితే వాటిలో కొన్నింటికి గట్టి కంప్యూటరే కావాలి.

కొనవలసివస్తే వోపిక పట్టాలి. మార్కెట్టుకు వచ్చిన రోజున మూడు వేలున్న ఆట రెండు మూడేళ్లలో వెయ్యికీ అంతకు తక్కువకూ దిగడం మామూలే. నింటెండోవారి ఆటలు మాత్రం అంత సులభంగా దిగవు. స్టీమ్ అనే దుకాణంలో యెండాకాలం, చలికాలం పెద్ద తగ్గింపులు వుంటాయి. కొన్న పద్నాలుగు రోజులలోపు, రెండు గంటలకన్న తక్కువ ఆడి వుంటే, డబ్బు వాపసు అడగవచ్చు. 2024 నుంచి వొకే యింట్లో ఆరుగురి దాకా కొన్న ఆటలను పంచుకునే వీలు కూడా కల్పించారు. అన్నకొకటి, తమ్ముడికొకటి కొననక్కరలేదు.

పాత సరుకుతో ఆడడం చిన్నతనమని పిల్లలు అనుకుంటారు. వారికి గున్‌పే యొకొయి గారి కథ చెప్పాలి. జపానులో నింటెండో కంపెనీలో పనిచేసిన యీయన, అందరికీ తెలిసిపోయి చవకబడిన సామానుతోనే కొత్త ఆట తయారు చేయవచ్చునని నమ్మాడు. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ అలా పుట్టిందే. దాని తెర పాచి రంగు, బొమ్మలకు వేరే రంగు లేదు. పోటీగా వచ్చిన రంగుల యంత్రాలు ఆరేసి బ్యాటరీలను కొద్ది గంటలలో తాగేసేవి. యిదేమో నాలుగు బ్యాటరీలతో ప్రయాణమంతా నడిచేది. దాని తరువాతి రంగుల రూపంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయింది. అంతదాకా యెందుకు, 1990లలో మన యిళ్లలోనే టీవీకి తగిలించిన కాట్రిడ్జీ ఆటలు గుర్తున్నాయా? పెట్టె మీద లక్షల ఆటలని రాసి వుండేది, లోపల చూస్తే పదో పన్నెండో. ఆ పదింటితోనే వేసవి సెలవులు గడిచిపోయేవి. అప్పుడు ఆడినవారే యిప్పుడు తండ్రులై, పిల్లల మీద కేకలు వేస్తున్నారు!

యంత్రమే కావాలని అబ్బాయి యింకా పట్టుపడితే, పాత తరం యంత్రం వాడినది దొరుకుతుంది. డబ్బు యిచ్చే ముందు దానిని అరగంట ఆడించి చూడాలి. డిస్కు పట్టే రకమే తీసుకోవాలని మా సలహా. డిస్కు లేని యంత్రం వెల కొంత తక్కువ. కాని అందులో కొన్న ఆట కొన్నవాడి ఖాతాలోనే వుండిపోతుంది, మారుబేరానికి పనికిరాదు. డిస్కు అయితే ఆడి ముగించిన తరువాత అమ్ముకోవచ్చు, యెరువు యివ్వవచ్చు. వొకప్పుడు వారపత్రికలూ నవలలూ యీ క్యాంపు నుంచి ఆ క్యాంపుకు యెడ్లబండి మీద తిరిగి, అట్టలు వూడిపోయేదాకా చదువుకున్నారని పెద్దలు చెబుతారు. డిస్కులు అలా యెందుకు తిరగకూడదు? పది యిళ్లవారు తలా వొకటి కొంటే, వొక్క ఆట ఖర్చుతో పది ఆటలు.

మన సంఘం గ్రంథాలయంలో వొక అర ఖాళీగా వుంది. ఆడడం ముగిసిన డిస్కులు వున్నవారు, ఆట పేరు, యే యంత్రానికి పనికివస్తుందో వొక చీటీ మీద రాసి ఆదివారం నాడు గ్రంథాలయంలో యివ్వవచ్చు. వచ్చినవాటి జాబితా వచ్చే నెల యీ పేజీలోనే వేస్తాము. గీతలు పడినవి మాత్రం తీసుకోము.