ఇంటికప్పు కింద పంది

అవును, పంది కూరే వొండాను. నా పొయ్యి మీద, తలుపులు బార్లా తీసి మరీ వొండాను.

మొన్నటిదాకా ఈ మాట అనడానికి నాకు నోరు రాలేదు. నూజివీడులో గవర్నమెంటు బడి పంతులమ్మని. మా మాదిగ గూడెంలో, మా ఇంటి గడపలో డిగ్రీ పట్టా చూసిన మొదటిదాన్ని. మా అమ్మ తోటల్లో రసాలూ బంగినపల్లులూ ఏరి, గడ్డి పరిచి పెట్టెలకెత్తి నన్ను చదివించింది. ఆమె ముట్టుకున్న మామిడిపండుకి మైల లేదు. ఆమె వొండిన కూరకే మైల!

ఉజ్జోగం వొచ్చాక మొదటి అద్దింట్లో పంది కూర వాసన బయటికెళ్ళింది. వారం తిరక్కుండా ఖాళీ చెయ్యమన్నారు. రెండో ఇంట్లో తెలివి మీరాను. బజార్లో నూడుల్స్ బండి చైనా పేరుతో బతుకుతోంది, నా కూర బతకదా అనుకున్నాను.

కండా కొవ్వూ కలిసిన ముక్కని అల్లం వేసి ఉడికించాను. ఆరాక పల్చగా కోసి, ఇనప మూకుట్లో పెద్ద మంట మీద వేయించాను. నూనె అక్కర్లేదు, దాని కొవ్వే దానికి నూనె. సిచువాన్ వాళ్ళు మిరపకాయలూ చిక్కుడు జాతి గింజలూ పులియబెట్టిన ముద్ద వేస్తారు. నేను పండుమిరప పచ్చడి వేశాను. ఎల్లుల్లి, సోయా సాసు, ఉల్లికాడలు. "చైనీస్ పోర్కండీ" అంటే తోటి టీచర్లు "అబ్బో, మాకూ నేర్పండి" అన్నారు. పోర్కంటే ముచ్చట, పందంటే వాంతి!

ఆ ఆదివారం అమ్మొచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. "పోర్కేంటే అమ్మాయ్? పంది కూరే గదా! నేను వొండినప్పుడు లేని సిగ్గు నీకెక్కణ్ణించి వొచ్చింది?" అంది.

ముద్ద గొంతులో అడ్డం పడింది.

అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నా. సింహాచలంలో వరాహ నరసింహుడికి చందనం పూసి మొక్కుతారే, పంది తిన్నోళ్ళకి ఇల్లెందుకియ్యరు? మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి ఈ దేశానికొచ్చింది. ఆ పరదేశిని వంటింట్లోకి రానిచ్చారు. ఈ మట్టిలో పుట్టినోళ్ళని గేటు దగ్గర ఆపుతారా? 1950 నించి అమల్లో ఉన్న రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 'శాకాహారులకు మాత్రమే' అన్న టులెట్ బోర్డు దానికి అడ్డదారి కాదా?

చైనా లిపిలో 'ఇల్లు' అనే అక్షరముంది. పైన ఇంటికప్పు, కింద పంది. అక్కడ పంది ఉంటే అది ఇల్లు. ఇక్కడ పంది ఉంటే ఇల్లు ఖాళీ!

చదువుకున్న మనోళ్ళారా, మీతోనూ తగువుంది. గూడెం దాటొచ్చాం, కూరగిన్నె మీద మూత పెట్టుకుని. మన దాపరికమే మన పిల్లలకి పాఠమైంది. ఆదివారం ఏం కూరని క్లాసులో అడిగితే గూడెం పిల్లలు తలొంచుకుని "పప్పు టీచర్" అంటారు. ఆ అబద్ధం నాకు తెలుసు. చిన్నప్పుడు నేనూ ఆడాను.

ఈ సోమవారం నేనే ముందు చెప్పాను, మా ఇంట్లో పంది కూరని. వెనక బెంచీలో ఒక పిల్ల తలెత్తింది.

ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తాను. కూర పేరు మాత్రం మార్చను.