జరిమానా మీది, ధర ఎవరిది?

ట్రెంటన్‌లో న్యూజెర్సీ గవర్నర్ మైకీ షెరిల్ గారికి, రాష్ట్ర శాసనసభ్యులకు. వాషింగ్టన్‌లో మా తరఫున కూర్చున్న సెనేటర్లకు, ప్రతినిధులకు



ఎడిసన్‌లో పన్ను రిటర్నులు రాసిపెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. కర్రీ పాయింట్లు, పెట్రోలు బంకులు, లిక్కర్ షాపులు నడిపేవాళ్లు, ఊబర్ తోలేవాళ్లు, కన్సల్టెన్సీ కాంట్రాక్టుల మీద బతికేవాళ్లు. వీళ్లకు కంపెనీ ఇచ్చే బీమా ఉండదు. ఎవరి బీమా వాళ్లే కొనుక్కోవాలి. కొనకపోతే రాష్ట్రం జరిమానా వేస్తుంది. రిటర్నులో ఆ లెక్క కోసమే ఒక షెడ్యూలు ఉంది, దాని పేరు ఎన్‌జే-హెచ్‌సీసీ. ఏడాదిలో ఏ నెల బీమా ఉంది, ఏ నెల లేదు అని గళ్లు నింపుతాం. ఈ సీజన్‌లో ఆ గళ్లు నింపుతుంటే, ఎదురుగా కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: “వచ్చే ఏడు దీన్ని ఖాళీగా వదిలేస్తే ఎంత పడుతుందండీ?”

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకంటే, మీతోపాటు మీ ఓటర్లు కూడా చదవాలని.

ముందే చెప్పేస్తున్నాను, అందరూ బీమా తీసుకోవాలన్న నిర్బంధానికి నేను వ్యతిరేకిని కాను. అది లేకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రం చూసినంతగా ఇంకెవరూ చూడలేదు. 1992లో న్యూజెర్సీ మంచి ఉద్దేశంతో ఒక చట్టం చేసింది. రోగం ఉందని బీమా కంపెనీ ఎవరినీ కాదనకూడదు, రోగిష్టి అని ఎక్కువ గుంజకూడదు అంది. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా కొనాలన్న మాట అందులో లేదు. ఇక జబ్బు చేసినవాడు చేరాడు, చెయ్యనివాడు “అవసరమొచ్చినప్పుడు చూద్దాంలే” అనుకున్నాడు. ప్రీమియం పెరిగింది, పెరిగేకొద్దీ ఆరోగ్యవంతులు జారుకున్నారు, వాళ్లు పోయేకొద్దీ మళ్లీ పెరిగింది. సొంతంగా పాలసీ కొనుక్కునేవాళ్ల సంఖ్య కాలక్రమంలో కరిగిపోయింది.

2006లో మసాచుసెట్స్, 2010లో దేశం మొత్తం ఆ లోటు పూడ్చాయి. మసాచుసెట్స్ చట్టం మీద సంతకం చేసింది రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ, దేశానికి తెచ్చింది డెమోక్రాట్ ఒబామా. రెండింటిలోనూ ఒప్పందం ఒకటే. కంపెనీ ఎవరినీ కాదనకూడదు, జనం ఎవరూ తప్పుకోకూడదు, స్తోమత చాలనివారికి సర్కారు చెయ్యి అందించాలి. ఈ మూడింటిలో ఏది తీసేసినా మిగిలిన రెండూ అన్యాయమవుతాయి.

2017లో కాంగ్రెస్ జరిమానాను సున్నా చేసింది. 2019 నుంచి అది అమలైంది. అప్పుడు మన రాష్ట్రం చురుగ్గా కదిలింది. 2018 మే నెలలో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సొంత జరిమానా చట్టం మీద సంతకం పెట్టారు. వసూలైన డబ్బు ఖరీదైన రోగుల భారాన్ని పంచుకునే రీఇన్సూరెన్స్ నిధికి వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఆ పని బాగుందని నా దగ్గరికొచ్చి తిట్టుకునేవాళ్లకు కూడా చెప్పాను. జరిమానా పెద్దవారికి తలకు కనీసం 695 డాలర్లు, పిల్లలకు అందులో సగం. లేదా రిటర్ను వేయాల్సిన పరిమితి దాటిన ఆదాయంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. తక్కువ స్థాయి బ్రాంజ్ ప్లాన్ల సగటు ధరను మాత్రం దాటదు.

సర్కారు చెయ్యి కూడా కొన్నాళ్లు బాగానే అందింది. 2021లో సబ్సిడీలు పెరిగాయి, 2022 చట్టం వాటిని 2025 ఆఖరు దాకా పొడిగించింది. ఎంత సంపాదించినా సరే, ఆదాయంలో 8.5 శాతం మించి మధ్యస్థాయి సిల్వర్ ప్లాన్‌కు కట్టనక్కర్లేదన్నదే వాటి సారాంశం. గవర్నర్ గారూ, ఆ 2022 చట్టానికి కాంగ్రెస్ సభ్యురాలిగా మీరూ ఓటేశారు.

ఆ గడువు డిసెంబరు 31న తీరిపోయింది. దీనికోసమే నిరుడు అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. డిసెంబరులో సెనేట్‌లో పొడిగింపునకు కావలసిన 60 ఓట్లు రాలేదు. జనవరిలో ప్రతినిధుల సభ మూడేళ్ల పొడిగింపును ఆమోదించి పంపినా సెనేట్ తలుపు తియ్యలేదు. ఒప్పందంలో మూడో మాట సన్నగిల్లింది. ట్రెంటన్ జరిమానా మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

ఇప్పుడు ఒక లెక్క చూపిస్తాను. రాజకీయం మీకు తెలుసు, అంకెలు నాకు తెలుసు.

భార్యాభర్తలిద్దరూ అరవై ఏళ్లవాళ్లు, చిన్న కర్రీ పాయింటు నడుపుతున్నారనుకోండి. ఇద్దరున్న కుటుంబానికి ఈ ఏడు సబ్సిడీ గీత 84,600 డాలర్లు, అంటే పేదరిక రేఖకు నాలుగు రెట్లు. వాళ్ల ఆదాయం సరిగ్గా అంతే ఉంటే సిల్వర్ ప్లాన్‌కు ఆదాయంలో 9.96 శాతం, అంటే సుమారు 8,400 డాలర్లు కడతారు. ఆదాయం 85,000 అయిందా, ఫెడరల్ సబ్సిడీ పూర్తిగా సున్నా. నిరుడు అదే ఆదాయానికి వాళ్లు కట్టాల్సింది 7,225. ఈ ఏడు అదే జంటకు దేశ సగటున మరో 22,600 డాలర్లకు పైగా అదనంగా పడుతుందని కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆదాయంలో మూడో వంతుకు పైనే బీమాకు పోతుంది. మన రాష్ట్రం ఈ గీత పైన కూడా, ఆరు రెట్ల దాకా, తన సొంత సబ్సిడీ కొంత ఇస్తుంది. అందుకు థాంక్స్. కానీ ఊడిపోయిన ఫెడరల్ సాయంతో పోలిస్తే అది చారులో ఇంగువంత.

ఇంకో మెలిక ఉంది. ఈ ఏడాది నుంచి, ముందుగా తీసుకున్న సబ్సిడీ రావలసినదానికంటే ఎక్కువైతే ఆ ఎక్కువంతా వెనక్కి కట్టాలి. ఇంతకుముందు తక్కువ, మధ్యస్థ ఆదాయాలవారికి ఆ వసూలుకు ఒక హద్దు ఉండేది. నిరుడు జులై 4న సంతకమైన చట్టం ఆ హద్దును ఎత్తేసింది. ఇక గీత దాటితే సబ్సిడీ అర్హతే పోతుంది. ఏడాదంతా గీత కిందే ఉన్న దంపతులకు దీపావళికి పెద్ద క్యాటరింగ్ ఆర్డరు ఒకటి తగిలి, నాలుగు వందల డాలర్లు గీత దాటారనుకోండి. వచ్చే ఏప్రిల్లో నేను వాళ్ల ముందు సబ్సిడీ లెక్క తేల్చే 8962 ఫారం పెట్టి, ఏడాదంతా అందిన సబ్సిడీ తిరిగి కట్టమని చెప్పాలి. ఆర్డరు ఎందుకు ఒప్పుకున్నావని భర్తను భార్య తిట్టే రోజు అది.

తప్పించుకునే దారి లేదా అంటే ఉంది, అదీ చట్టబద్ధంగానే. సంప్రదాయ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంటు ఖాతాలోనో, హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య పొదుపు ఖాతాలోనో కొంత డబ్బు వేస్తే లెక్కలోకి వచ్చే ఆదాయం తగ్గుతుంది, గీత కిందికి దిగొచ్చు. నేను చెప్పేదీ అదే, నాకు ఫీజు ఇచ్చేదీ అందుకే. కానీ పక్కన పెట్టడానికి చేతిలో డబ్బున్నవాడికే ఈ దారి. షాపు అద్దె కట్టి, పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టి, ఖాళీ చేతులతో మిగిలేవాడికి లేదు. ఎక్కువ ఉన్నవాడికి సబ్సిడీ, లేనివాడికి పూర్తి ధర! ఈ విడ్డూరం మీ చట్టం రాసినవాళ్లకు కనిపించలేదా?

మరి జరిమానా సంగతి. రాష్ట్రంలో అన్నిటికన్నా చవక ప్లాన్ కూడా ఆదాయంలో నిర్ణీత శాతం దాటితే మినహాయింపు ఉంది. కాబట్టి ఆ పెద్దవాళ్లకు జరిమానా పడకపోవచ్చు. దాని అర్థం చూడండి. బీమా అత్యంత అవసరమైన అరవై ఏళ్ల మనిషికి, మెడికేర్ రావడానికి ఇంకా అయిదేళ్లు ఉండగా, “ఇది నీకు అందే ధర కాదు, పో, నిన్ను క్షమించాం” అని రాష్ట్రం కాగితం మీద రాసిస్తోంది. అటు పాతికేళ్ల కుర్రాడు, ఏడాదికి 65,000 సంపాదించే కాంట్రాక్టరు, 62,600 గీత దాటాడు కాబట్టి ఫెడరల్ సబ్సిడీ లేదు. బహుశా మినహాయింపు కూడా రాదు. అతని జరిమానా పదిహేను వందల లోపే. ప్రీమియం అంతకంటే చాలా ఎక్కువ. లెక్కలు వచ్చిన కుర్రాడు, జరిమానా కట్టి బయటికి నడుస్తాడు.

ఒకడు వదిలించుకోబడ్డాడు, ఒకడు వదిలేసి పోయాడు. మిగిలేది వైద్యం తప్పనిసరైనవాళ్లు. వాళ్లను చూసే కంపెనీలు వచ్చే ఏటి ధర కడతాయి. 1992 చట్టానికి పట్టిన గతి ఇదే. ఈసారి జరిమానా ఉండి కూడా అక్కడికే పోతున్నాం.

గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పిల్లలు పౌరసత్వం తెచ్చుకుని గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో అమ్మానాన్నలను పిలిపించుకుంటారు. 65 దాటినా వాళ్లకు మెడికేర్ కొనుక్కునే హక్కు రావాలంటే అయిదేళ్లు ఇక్కడ ఉండాలి. మెడికెయిడ్‌కూ అయిదేళ్ల నిబంధనే. ఈ అయిదేళ్ల సందులో, వేరుగా రిటర్ను వేసుకునే తల్లిదండ్రులకు ఆదాయం పేదరిక రేఖ కింద ఉన్నా మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ వచ్చేది. 2026 జనవరి నుంచి దాన్నీ తీసేశారు. చట్టం ప్రకారం వచ్చినవాళ్లు, చట్టం ప్రకారం ఉంటున్నవాళ్లు. పూర్తి ధర కట్టాలంటే, ఫెడరల్ చట్టం ముసలివారికి కుర్రవాళ్ల కంటే మూడు రెట్ల దాకా వసూలు చేయనిస్తుంది. అందుకే ఇప్పుడు మోకాలి ఆపరేషనుకు నాన్నను హైదరాబాద్ విమానం ఎక్కిస్తున్నారు.  కానీ గుండెపోటు టికెట్టు బుక్ చేసుకుని రాదు. 2027 నుంచి హెచ్1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవారికి కూడా సబ్సిడీ ఉండదు. పన్నులు మాత్రం వాళ్ల జీతాల్లోంచి కోతపడుతూనే ఉంటాయి.

కంపెనీ బీమా ఉన్న ఐటీ మిత్రులు ఇది తమ గొడవ కాదనుకుంటున్నారు. 2025లో కంపెనీ బీమాలో కుటుంబ ప్రీమియం దేశ సగటు 26,993 డాలర్లు. జీతంలో కనిపించేది 6,850 మాత్రమే, మిగతాది రావలసిన జీతంలోంచి కనిపించకుండా పోతోంది. లేఆఫ్ ఉత్తరం వచ్చిన నెలలో, పాత కంపెనీ బీమాను సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రా బిల్లు, మొత్తం ప్రీమియంలో 102 శాతం లెక్కన చేతికొస్తుంది. అప్పుడు వాళ్లూ నా ఎదుటి కుర్చీలోనే కూర్చుంటారు.

సబ్సిడీ ఒక్కటే మందు కాదన్నది నాకూ తెలుసు. ప్రజల పన్ను డబ్బు బీమా కంపెనీ చేతుల మీదుగా ఆసుపత్రులకు పోతుంటే, ధర అడిగేవాడు లేకపోతే అది అడుగు లేని బిందెలో నీళ్లు పొయ్యడమే. వ్యక్తిగత పాలసీలపై వచ్చిన ప్రీమియంలో 80 శాతమైనా వైద్యానికి ఖర్చు చేయాలని చట్టం. మంచిదే. కానీ వైద్యం ఖరీదు పెరిగితే మిగిలిన 20 శాతం కూడా పెరుగుతుంది కదా? కంపెనీకి ఆసుపత్రితో గట్టిగా బేరమాడాలన్న తహతహ ఎక్కడినుంచి వస్తుంది? బర్గెన్ కౌంటీలో హ్యాకెన్‌సాక్ మెరిడియన్, ఎంగిల్‌వుడ్ ఆసుపత్రులు కలిసిపోతామంటే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెళ్లింది, 2022లో ఆ విలీనం ఆగింది. పోటీ పోతే ధర పెరుగుతుందన్నదే అక్కడి వాదన. ఆ ఒక్కటి ఆగింది, దానికి ముందు ఎన్నో కలిసిపోయాయి. మేరీలాండ్‌లో 1970ల నుంచీ ఒక కమిషన్ ఆసుపత్రి రేట్లు నిర్ణయిస్తోంది. ఆరెగాన్ తన ఉద్యోగుల బీమాలో ఆసుపత్రులకు మెడికేర్ రేటుకు రెట్టింపు మించి ఇవ్వనంది. ఆసుపత్రుల లాబీ అరుస్తుంది, అరవనివ్వండి.

సెనేటర్లూ, ప్రతినిధులూ, 8.5 శాతం హద్దును తిరిగి తెండి. అంత ధైర్యం లేకపోతే కనీసం ఆ గీతనైనా వాలుగా మార్చండి. వంద డాలర్లు ఎక్కువ సంపాదించినందుకు ఇరవై వేలు పోగొట్టుకునే చట్టం ఏ పార్టీ సిద్ధాంతం? గవర్నర్ గారూ, జరిమానా ఎత్తేయమని నేను అడగను. జరిమానా వేసే హక్కు ఉన్నవారికి ధర బాధ్యత కూడా ఉంటుందనే అడుగుతున్నాను. గీత దాటిన యాభై పైబడినవాళ్లకు రాష్ట్ర సబ్సిడీ పెంచండి. అయిదేళ్ల సందులో పడ్డ తల్లిదండ్రులు డబ్బు కట్టి చేరగలిగే ఒక రాష్ట్ర పథకం పెట్టండి. ఆసుపత్రి రేట్లకు హద్దు పెట్టే పని రాష్ట్ర ఉద్యోగుల బీమాతో మొదలుపెట్టండి, అది మీ చేతిలో ఉన్నదే. జరిమానా మినహాయింపులు ఏమిటో తెలుగు, గుజరాతీ, స్పానిష్‌లలో అచ్చేసి పంచండి. ఈ ఆఖరి పనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

కంపెనీలు వచ్చే ఏటి ధరలను వేసవిలోనే ఖరారు చేస్తాయి, కాబట్టి ఏం చేసినా అప్పటిలోగానే చెయ్యాలి. 2027 ప్లాన్ల నమోదు నవంబరు 1న మొదలవుతుంది. కాంగ్రెస్ ఎన్నికల పోలింగ్ నవంబరు 3న.

ఇట్లు,
ఎడిసన్‌లో పన్ను రిటర్నులు రాసే ఒక తెలుగువాడు